చావడానికి ఓనరు పర్మిషన్

మొదట అడగవలసింది

ఇళ్లకు వెళ్లి ఆఖరి రోజుల రోగులను చూసుకునే ఈ పనిలో కొత్తగా చేరిన నర్సులు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. మార్ఫిన్ మోతాదు ఎంత పెంచాలి, వాసన వచ్చే పుండును ఎలా కడగాలి, మింగలేని మనిషికి గోళీ ఎలా ఇవ్వాలి అని అడుగుతారు. అవన్నీ శిక్షణలో చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటి ఉంది. రోగి మంచం దగ్గరకు వెళ్లగానే, జబ్బు పేరు కూడా రాసుకోకముందే అడగండి: ఈ ఇల్లు సొంతమా, కిరాయా?

మన ఊళ్లో కిరాయికి ఉన్న మనిషి ఆ ఇంట్లో చావకూడదు. ఇది ఏ కాగితం మీదా ఉండదు, అయినా అందరికీ తెలుసు. పరాయివాళ్ల శవం లేస్తే ఇంటికి మంచిది కాదట. పోయిన ఘడియ మంచిది కాకపోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలట. దవాఖానలో పోయిన మనిషి శవాన్ని కూడా గేటు లోపలికి రానివ్వరు. పదకొండు రోజుల కార్యక్రమాలు రోడ్డు మీద టెంటు వేసుకుని చేసుకున్న కుటుంబాలను నేను చూశాను.

దవాఖాన వాళ్లు "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి" అంటారు. ఇంటి ఓనరు "ఇక్కడ వద్దు" అంటాడు. ఈ రెండు మాటల మధ్య మనిషికి కాళ్లు చాపుకుని పోవడానికి జాగా ఉండదు.

కొమురమ్మ నన్ను అడిగింది ఆ జాగానే. తను ఉన్న గదిలోనే పోవాలని అడిగింది. ఆమెకు అది దొరకలేదు. దొరకకుండా చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేనెవరిని

నేను దొర మనవరాలిని. ధర్మసాగర్ అవతల ఒక ఊళ్లో మా తాతకు కోటలాంటి గడి ఉండేది. ఆ గడి ముందు నుంచి చెప్పులు వేసుకుని ఎవరూ నడిచేవారు కాదు. తర్వాత భూములు పోయాయి, గడి పోయింది. మా నాన్న మిగిలినవి అమ్ముకుంటూ, ప్రతి అమ్మకాన్నీ ఎవరో చేసిన మోసంగా చెప్పుకుంటూ బతికాడు. చివరకు టౌనులో, సుబేదారిలో, ఒక ఇల్లు మాత్రం మిగిలింది. పోవలసినవి పోయాయని నేను అనుకుంటాను, దాని గురించి ఏడవను. కానీ పోయిన తర్వాత మమ్మల్ని చూసి జాలిపడ్డ చుట్టాలను మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు.

నేను నర్సు ట్రైనింగుకు పోతానంటే మా నాన్న అన్న మాట ఒక్కటే. "మంది ఉచ్చలెత్తేటందుకు పుట్టినవా నువ్వు?"

"ఇంట్ల బియ్యం లేవు," అన్నాను.

అంతే, మళ్లీ ఆ మాట రాలేదు. దవాఖానలో నన్ను వెనకాల "దొరసాని" అనేవాళ్లని తెలుసు. ముందర అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. నిటారుగా నిలబడి పనిచేశాను. డాక్టర్ల ముందు కుర్చీలోంచి లేవాలంటే లేచాను గానీ వంగలేదు. ఎవరి దగ్గరా ఒక పండు కూడా తీసుకోలేదు. ఇదంతా గొప్ప అనుకునేదాన్ని. కొంత గొప్పే. ఎంత కాదో తర్వాత చెబుతాను.

మా డాక్టరమ్మ, మా సూపరింటెండెంటు

నా ఉద్యోగం మొదటి ఇరవై ఏళ్లు వార్డుల్లో గడిచింది. ఆ రోజుల్లో పోయే రోగులను మేం ఏం చేసేవాళ్లమో చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మనిషి రెండు మూడు రోజుల్లో పోతాడని తెలియగానే సూపరింటెండెంటు కేస్ షీట్ మీద "బంధువుల కోరికపై డిశ్చార్జి" అని రాయించేవాడు. బంధువులు కోరేవారు కాదు. వాళ్లకు చదువు రాదు. వేలిముద్ర వేయమంటే వేసేవారు. ఆ వేలును ఇంకు ప్యాడ్ మీద అద్దించింది నేనే. సూపరింటెండెంటు చెప్పాడు కాబట్టి చేశాను అని ఇప్పుడు అనను. అప్పుడు అనేదాన్ని.

శ్యామల డాక్టరమ్మ వచ్చిన తర్వాత మారింది. ఆమె సన్నగా, ఎప్పుడూ నిద్రలేని ముఖంతో ఉండేది. మా వార్డుకు వచ్చిన మొదటి రోజే ఒక నోటి క్యాన్సర్ మనిషి గోడకు తల కొట్టుకుంటుంటే చూసి, "ఈయనకు నొప్పికి ఏమిస్తున్నరు?" అని అడిగింది.

"డైక్లో ఇంజెక్షన్, మేడం."

"ఎన్ని రోజుల నుంచి?"

"ఇరవై రోజులు. ఈయనకు ఇంక చేసేదేం లేదని సార్ రాశారు."

ఆమె కేస్ షీట్ నా చేతిలో పెట్టింది. "జబ్బు తగ్గదు సిస్టర్. దానికీ ఆయన తల గోడకు కొట్టుకునుడుకూ ఏం సంబంధం? మార్ఫిన్ ఎక్కడుంది?"

మార్ఫిన్ బీరువాలో ఉంది. తాళం సూపరింటెండెంటు దగ్గర ఉంది. దానికి లైసెన్సు, రిజిస్టరు, సంతకాలు, ఎవడైనా అలవాటు పడతాడేమోనన్న భయం. వారం రోజుల్లో పోయే మనిషి మత్తుకు అలవాటు పడతాడని భయపడ్డ చదువుకున్నవాళ్ల మధ్య నేను ఇరవై ఏళ్లు ఉద్యోగం చేశాను. శ్యామల డాక్టరమ్మ ఆ తాళం కోసం నాలుగు నెలలు కొట్లాడింది. తాళం వచ్చాక నన్ను పిలిచి, తగ్గని జబ్బుల వాళ్లకు నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ బండి మొదలవుతోందని, ఇళ్లకు వెళ్లి చూడాలని, వస్తావా అని అడిగింది. మిగతా సిస్టర్లు అప్పటికే వద్దన్నారు. చచ్చేవాళ్ల ఇళ్లు తిరిగితే తమ ఇంటికి చుట్టుకుంటుందని వాళ్ల భయం.

"వస్తాను," అన్నాను. దయతో కాదు. వద్దన్నవాళ్ల మీద కోపంతో. చాలామంది ఈ పనిలోకి దయతో వస్తారు, ఏడాదిలో వెళ్లిపోతారు. కోపంతో వచ్చినవాళ్లు నిలబడతారని నా అనుభవం.

యాకూబ్ చాచా

నేను చేసిన తప్పుల్లో చిన్నది ముందు చెబుతాను.

యాకూబ్ చాచా దర్జీ. సొంతంగా ఒకే ఒక గది, దాని ముందు కుట్టుమిషను పెట్టుకునేంత జాగా. కడుపులో క్యాన్సర్ లివరుకు పాకింది. పెద్ద కొడుకు నన్ను సందు మొదట్లోనే ఆపి, "మేడం, అబ్బాకు ఏం చెప్పకుండ్రి. అల్సర్ అని చెప్పినం. ఫికర్‌తోనే పోతడు," అన్నాడు. నేను తలూపాను. చాచా అడిగితే, "తగ్గుతుంది చాచా," అన్నాను.

తగ్గుతుందని నేను చెప్పాను కాబట్టి ఆయన హైదరాబాదుకు బయలుదేరాడు. పెద్ద దవాఖాన, స్కానింగులు, వరండాలో పడక. పదిహేను రోజులు. తిరిగి వచ్చేసరికి మిషను మీద చెయ్యి వేసే ఓపిక కూడా లేదు. మనవరాలికి కుట్టాలని తెచ్చుకున్న గుడ్డ మడత విప్పకుండానే ఉంది. నా ముఖం చూసి ఆయనకు అంతా అర్థమైంది.

"బేటీ, జర ముందు చెప్తే ఇంట్లనే ఉంటుంటి గదా," అన్నాడు.

అరవలేదు, తిట్టలేదు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ తర్వాత ఏ కొడుకు సందులో ఆపినా ఒకటే చెప్పాను: "ఆయన అడగకముందు నేను చెప్పను. ఆయన అడిగితే అబద్ధం చెప్పను. ఇష్టం లేకపోతే వేరే నర్సును పిలుచుకోండి."

సేవ చేయడానికి వచ్చేవాళ్లు

పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు మా వార్డుకు సేవ చేయడానికి వచ్చేవాళ్లు ఉండేవారు. ఇప్పటికీ ఉన్నారు. తెల్లచొక్కాలు వేసుకుని, బ్యానర్ పట్టుకుని, అరటిపళ్లు పంచుతారు. నోరు తెరవలేని మనిషి గుండెల మీద రెండు అరటిపళ్లు పెట్టి ఫోటో దిగుతారు. ఒకసారి ఒకాయన అలా పెట్టి, "నవ్వు తాతా, నవ్వు," అన్నాడు. ఆ తాతకు సగం దవడ లేదు.

నేను ఆ పళ్లు తీసి ఆయన చేతిలో పెట్టాను. "సార్, వెనకాల దోభీఘాట్ ఉంది. రక్తం పడ్డ దుప్పట్లు ఇరవై ఉన్నాయి. ఉతుకుతారా?"

"ఏం మాటలమ్మా ఇవి? మేం సేవ చేయనీకొచ్చినం."

"అదే సేవ."

నా మీద ఫిర్యాదు వెళ్లింది. మెమో వచ్చింది. దాన్ని దాచుకున్నాను. నాకు వచ్చిన సన్మానాల శాలువాలు ఎక్కడున్నాయో తెలియదు, ఆ మెమో మాత్రం ఉంది.

సమాజ సేవ చేయాలని ఉంటే దుప్పట్లు ఉతకండి. రాత్రంతా మేలుకున్న కూతురిని రెండు గంటలు పడుకోమని చెప్పి ఆమె చోట మీరు కూర్చోండి. ఇంకా ఏ ఫోటోకీ పనికిరాని పని చాలా ఉంటుంది. అది చేయండి. "మీకెంత ఓపిక, మీరు దేవత" అని నర్సులతో అనకండి. దేవత అంటే జీతం, సెలవు అడగదని మీ ఉద్దేశం.

కొమురమ్మ

కొమురమ్మ ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల తొడిమెలు తీసే కూలీ. భర్త సమ్మయ్య అక్కడే హమాలీ. ఆమెకు గర్భసంచి క్యాన్సర్. వాళ్లు ఉండేది మాధవయ్య సారు అనే రిటైర్డు టీచరు ఇంటి వెనక రేకుల గదిలో. పదకొండేళ్ల నుంచి ఆ గదికి కిరాయి కడుతున్నారు. పిల్లలు లేరు. సమ్మయ్య సొంత ఊళ్లో ఇల్లు కూలిపోయి చాలా ఏళ్లయింది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, కొంగు పళ్ల మధ్య పెట్టుకుని ఉంది. మార్ఫిన్ మొదలుపెట్టాం. మూడో రోజు వెళ్లేసరికి గడప దగ్గర మంచం వేయించుకుని వాకిట్లోకి చూస్తోంది.

"సిస్టరమ్మా, గీ గోళీ ముందే ఇస్తే వాళ్ల నోట్లెకెంచి ఏమన్న గుంజుకున్నట్టా?" అంది.

"ఎవరు?"

"దవాఖానోళ్లు. ఆర్నెల్ల సంది కొట్టుకుంటాన. ఒక్కడు చెప్తే ఒట్టు."

నేనూ దవాఖానదాన్నే.

ఆమెకు మాటలు ఎక్కువ. పన్నెండేళ్లు మిరపకాయల మధ్య కూర్చున్నానని, తన తుమ్ములు విని యార్డులో గుమస్తాలు లేచి కూర్చునేవారని చెప్పేది. నేను ఎవరి ఇంటికి వెళ్లినా నిలబడే పని చేసేదాన్ని. ఎక్కడా కూర్చునేదాన్ని కాదు. ఆమె అది కొద్ది రోజుల్లోనే పట్టుకుంది. నేను ఏ ఇంటిదాన్నో కూడా అప్పటికే ఎవరో ఆమెకు చెప్పారు.

"నువ్వేంది, ఎప్పుడొచ్చినా తాటిచెట్టు లెక్క నిలవడ్తవ్? కూసోరాదు?"

"యూనిఫాం మాసిపోతది."

"మాసిపోతే ఉతుక్కుంటవ్. మీ దొరోళ్లకు నడుములు వంగయా ఏంది?"

సమ్మయ్య కంగారుపడి, "ఏయ్, నోరు మూయ్," అన్నాడు. నేను నవ్వాను. కానీ కూర్చోలేదు.

వాకిట్లో ఒక కరివేపాకు చెట్టు ఉంది, మా దిక్కు కల్యామాకు అంటాం. కొమురమ్మ పెట్టిందే. ఒకరోజు దాన్నే చూస్తూ అడిగింది. "నాకేం కోర్కెలు లెవ్వు తల్లీ. ఈ అర్రను పదకొండేండ్ల సంది నేనే కడుగుతాన. ఆ చెట్టు నేను పెట్టిన. గా చెట్టు గాలి మీదికెంచి వస్తాంటె పానం పోవాలె. నన్ను ఎటూ తోలుకపోనియ్యకు."

"ఎక్కడికీ తోలుకపోరు. నేను మాట ఇస్తున్న," అన్నాను.

ఏ అధికారంతో ఇచ్చాను ఆ మాట? ఆ గది నాది కాదు. మా ఇంట్లో మాట ఇస్తే అంతే, ఇక దానికి తిరుగు లేదు అని చిన్నప్పటి నుంచి విని విని, నోటికి అలవాటుగా వచ్చిన మాట అది.

"అది వేరే"

పది రోజుల తర్వాత మాధవయ్య సారు మా బండిని సందు చివర ఆపించాడు. బండి మీద రాసి ఉన్న అక్షరాలు చూసి చుట్టుపక్కల వాళ్లు అడుగుతున్నారట. మరో వారానికి సమ్మయ్యను పిలిచి గది ఖాళీ చేయమన్నాడు. నేను ఆయన ఇంటికి వెళ్లాను.

మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"నాకు ఆమె మీద ఏం కోపం లేదమ్మా," అన్నాడు. "పదకొండేండ్లల్ల ఒక్కనాడు మాట అనలె. కాని మా చిన్నోనికి సంబంధం చూస్తున్నం. ఇంట్ల అట్లాంటిది జరిగితే ఎవరొస్తరు?"

"అట్లాంటిది అంటే? చావా?"

"జర మెల్లగ మాట్లాడండి."

"ఆమె మీ వాకిలి కూడా పదకొండేండ్లు ఊడ్చింది సార్."

"నేను కాదన్ననా? ప్రతి పండుగకు చీర పెట్టినం."

"మీరు బడిలో ఏం చెప్పేవారు?"

"సైన్సు," అన్నాడు. కొంచెం కూడా తడబడలేదు.

అప్పుడు నాకు ఆపుకోలేని కోపం వచ్చింది. చాలా మాట్లాడాను. చదువు గురించి, మైల గురించి, మనిషి గురించి. నా గొంతు సందు మొదటి దాకా వినపడి ఉంటుంది. ఆయన అంతా విన్నాడు. తర్వాత ఎంతో శాంతంగా అన్నాడు:

"మీరు పెద్దింటోళ్లు. మీ తాతగారి పేరు మా నాయిన చెప్పేటోడు. సుబేదారిల మీకు సొంతిల్లు ఉన్నదట గద? రోడ్డు దిక్కు పెద్ద గది ఖాళీగనే ఉంటదట. మీకు అంత దయ ఉంటే ఆమెను అక్కడికి తోలుకపొండి. ఆటో నేనే మాట్లాడ్త."

"అది వేరే," అన్నాను.

"ఎట్ల వేరే?"

ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆ గదిలో మా తాత ఫోటో ఉంది, గడి నుంచి వచ్చిన నాలుగు టేకు కుర్చీలు ఉన్నాయి. మా అమ్మ వాటి మీద తెల్లగుడ్డలు కప్పి, రోజూ దులిపి, మళ్లీ తాళం వేసేది. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే కూర్చోబెట్టడానికి. ఆ పెద్దవాళ్లు రావడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ గుమ్మంలోంచి మిరపకాయల కూలీ శవం బయటకు రావడం నేను ఊహించుకోలేకపోయాను. మా అమ్మ ఒప్పుకోదని నాకు నేను చెప్పుకున్నాను. మా అమ్మను నేను అడగనే లేదు.

ఇంతసేపు ఆయన్ని తిట్టిన తిట్లన్నీ నాకూ తగిలేవే. తేడా ఒక్కటే. ఆయన పైకి అన్నాడు.

వెనక్కి తిరిగితే సమ్మయ్య కల్యామాకు చెట్టు కింద నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

గోనె పట్టాలు

మాధవయ్య సారు కొమురమ్మను బయటకు గెంటలేదు. అలాంటి మనిషి కాదు. బాత్రూంకు తాళం వేసి, రిపేరు ఉందన్నాడు. రోజుకు ఆరేడుసార్లు రక్తపు గుడ్డలు మార్చవలసిన మనిషి ఉన్న ఇంట్లో నీళ్లు, బాత్రూం లేకుండా చేశాడు. గెంటడం ఇంకెలా ఉంటుందో నాకు తెలియదు.

సమ్మయ్య గది కోసం తిరిగాడు. టు-లెట్ బోర్డు ఉన్న ప్రతి ఇంట్లో "ఎవరెవరుంటరు?" అని అడిగేవారు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు.

నేను దవాఖానకు ఫోన్ చేశాను. అప్పటికి శ్యామల డాక్టరమ్మకు బదిలీ అయింది. కొత్త సూపరింటెండెంటు అన్నాడు: "సిస్టర్, బెడ్డు ట్రీట్‌మెంటుకు ఇస్తాం. వెయిటింగుకు కాదు."

మూడో రోజు యార్డు హమాలీలు ఒక ఖాళీ జాగాలో నాలుగు వెదురు బొంగులు పాతి, పైన టార్పాలిన్ కట్టారు. చుట్టూ గోడలకు యార్డు నుంచి గోనె పట్టాలు తెచ్చి వేలాడదీశారు. దులిపే తెచ్చారు. ఎంత దులిపితే పోతుంది మిరపకోరు, ఆ ఘాటు దుమ్ము? గాలి వీచినప్పుడల్లా ఆమెకు తుమ్ము వచ్చేది. తుమ్మినప్పుడల్లా కడుపులో పుండు కదిలేది. నేను మార్ఫిన్ పెంచుతూనే ఉన్నాను. తుమ్ముకు మార్ఫిన్ పనిచేయదు.

తడిగుడ్డలతో పట్టాలు తుడిచాం. ఎండకు ఆరి మళ్లీ లేచేది.

"ఇడిసిపెడ్తలేదు చూడు నన్ను యార్డు," అంది కొమురమ్మ, నవ్వబోయి మళ్లీ తుమ్మింది.

నాకు ఇక నిలబడటం చేతకాలేదు. మట్టిలో ఆమె పక్కన కూర్చున్నాను. యూనిఫాం ఎర్రగా అయింది. "మాట ఇచ్చిన. నిలబెట్టుకోలె," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేం జేస్తవ్ తల్లీ. ఇల్లు లేనోళ్లకు ఇల్లు నువ్వేడికెంచి తెస్తవ్?"

సమ్మయ్య ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నా వైపు చూశాడు. అప్పుడు తెలిసింది, ఆయన ఆమెకు చెప్పలేదు. నాకు సుబేదారిలో ఖాళీ గది ఉందన్న సంగతి ఆమెకు తెలియకుండా దాచాడు. నా పరువు కోసం కాదు. పోయేటప్పుడు ఆమె మనసులో ఒక్కరైనా మంచివాళ్లు మిగలాలని.

మర్నాడు పొద్దున పది గంటలకు కొమురమ్మ పోయింది. ఎండ టార్పాలిన్ మీద పడి లోపలంతా నీలంగా ఉంది.

ఆ తర్వాత

అదే యూనిఫాంతో ఇంటికి వెళ్లి, అమ్మను ముందరి గది తాళంచెవి అడిగాను.

"ఎవలొచ్చిండ్రు?" అంది అమ్మ.

"ఎవరు రాలె. ఇగ వస్తరు."

చెప్పాను. పోవడానికి చోటు లేనివాళ్లను ఆ గదిలో ఉంచుతానని. "మీ తాత ఫోటో కింద పీనుగులను పండబెడ్తవా?"

"ఫోటో తీసి నీ అర్రల పెడ్త."

అమ్మ నాతో నలభై రోజులు మాట్లాడలేదు. చుట్టాలు ఫోన్లు చేసి ఏడ్చారు. పక్కింటివాళ్లు వాస్తు అన్నారు, పిల్లలు భయపడతారన్నారు. వాళ్లలో ఇద్దరికి నేను చెప్పిన సమాధానాలు ఇక్కడ రాయడానికి పనికిరావు. కుర్చీలు పెరట్లోకి పోయాయి. వాటి స్థానంలో రెండు మంచాలు వచ్చాయి. మొదటి ముసలమ్మ వచ్చిన మూడో రోజున, అమ్మ తలుపు చాటు నుంచి అడిగింది: "ఆమెకు గంజి పోసిండ్రా లేదా?" ఇప్పుడు అమ్మ లేదు. ఆమె కూడా ఆ గదిలోనే పోయింది, రెండో మంచం మీద. పక్క మంచం మీద ఒక రిక్షా మనిషి ఉన్నాడు.

ఇది గొప్ప అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. రెండు మంచాలు. ఇంత పెద్ద ఊరికి రెండు మంచాలు! ఖాళీ గదులకు తాళాలు వేసుకుని కూర్చున్నవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది లేరు? నేను ఈ బండిలో పదకొండేళ్లు తిరిగి, రోజూ చావును చూసి వచ్చి కూడా నా తాళం తీయడానికి ఒక మనిషి మిరపకోరులో పోవలసి వచ్చింది. చిన్నవాళ్లు, మీకు అంతకాలం పట్టకూడదు. ఓనరుతో మొదటి వారంలోనే మాట్లాడండి, ఆఖరి వారంలో కాదు. వార్డు మెంబరును, గుడి పూజారిని, మసీదు పెద్దను, ఆయన మాట వినే ఎవరినైనా వెంట తీసుకుపోండి. అరవకండి. నేను అరిచాను, ఏం లాభం రాలేదు. మీ చేతుల్లో లేనిది ఇస్తానని మాట ఇవ్వకండి. మీ చేతుల్లో ఉన్నదాన్ని దాచుకోకండి.

ఆ మొదటి ముసలమ్మను తెచ్చిన రోజు, మా ఇంటి ఏడు మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగలేదు. డ్రైవరు హమాలీ అడ్డాకు ఫోన్ చేస్తే ఒక మనిషి వచ్చాడు. సమ్మయ్య. నన్ను చూసి ఒక్క క్షణం గేటు దగ్గర ఆగాడు. తర్వాత వచ్చి, రెండు చేతుల మీద ఆమెను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, మెట్లెక్కి, మంచం మీద పడుకోబెట్టాడు. "పండుకో అవ్వా. ఈడ నిన్ను లెవ్వమనేటోడు లేడు," అన్నాడు. ఆమెతో అన్నాడు. నాతో కాదు.

అప్పటి నుంచి ప్రతిసారీ ఆయనే వస్తున్నాడు. కూలి తీసుకోడు. మనిషిని దించి, తల కింద దిండు సర్ది, ఆ మాట చెప్పి వెళ్లిపోతాడు. ఈ మధ్య నడుము నొప్పి అంటున్నాడని డ్రైవరు చెప్పాడు. అయినా వస్తాడు.

మొన్న మిట్టమధ్యాహ్నం వచ్చాడు. రోడ్డు మీద కాకి లేదు. బరువైన మనిషిని ఎత్తుకొచ్చేసరికి చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చల్లటి నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

"తాగొచ్చిన," అన్నాడు.

ఎప్పుడూ అదే అంటాడు. బతిమాలను. ఆ హక్కు నాకు లేదు. గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాను. సమ్మయ్య మెట్లు దిగి, గేటు మెల్లగా వేసి, రోడ్డు దాటాడు. ఎదురుగా టీకొట్టు దగ్గర కుండ మూత తీసి, వరుసగా మూడు గ్లాసుల నీళ్లు తాగాడు.